లాలప్ప నలభై రోజులు

“తాగినవాడి నమాజు నలభై రోజులు ఒప్పుకోబడదని పెద్దలు చెబుతారు కదా హజ్రత్! మరి ఆ నలభై రోజులూ వాడు మసీదుకొచ్చి ఏం ప్రయోజనం?”

శిష్యుడు మునీర్ ఈ ప్రశ్న వేసింది తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక, చాపలు చుడుతూ. జవాబు కోసం అడిగినట్టు లేదు, చేసిన పని సరైనదే అనిపించుకోవడానికి అడిగినట్టుంది. మసీదు ఇమాం వజీహుద్దీన్ హజ్రత్ కంటి ఆపరేషన్‌కని కర్నూలు వెళ్లి, నెల తర్వాత ముందురోజే తిరిగొచ్చారు. ఆ నెలంతా మసీదు మునీర్ చేతుల మీదే నడిచింది. ఇరవై నాలుగేళ్లవాడు, బాగా చదువుకున్నవాడు. అనుమానమంటే ఏమిటో అప్పటిదాకా ఎరగనివాడు.

జరిగింది ఊరందరికీ తెలుసు. పరుపులు కుట్టే లాలప్ప ఆరేళ్ల కిందట తాగుడు మానేశాడు. అక్క కొడుకు పెళ్లికి డోన్ పోయి, అక్కడ నలుగురి మధ్య కాదనలేక మళ్లీ ముట్టుకున్నాడు. రెండో రోజు తనంతట తానే వచ్చి, తల వంచుకుని మునీర్‌కు చెప్పుకున్నాడు. మునీర్ నలభై రోజుల మాట చెప్పాడు. ఆ మాటకు వెనకాలే ఇంకో మాట ఉంది, తౌబా చేసుకుని, పశ్చాత్తాపంతో మరలితే అల్లాహ్ కూడా వాడివైపు మరలుతాడని. అది మాత్రం చెప్పలేదు. చెబితే మనిషి అలుసుగా తీసుకుంటాడనుకున్నాడు.

లాలప్ప దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. ప్రతి అజాన్‌కూ వచ్చి ఎదురుగా సైకిల్ షాపు బల్ల మీద కూర్చునేవాడు. టోపీ జేబులోనే ఉండేది. లోపల నమాజు ముగిసి సలాం చెప్పాక లేచి వెళ్లిపోయేవాడు. పంతొమ్మిది రోజులు అలా గడిపాడు. ఇరవయ్యో రోజు మళ్లీ తాగాడు. అడిగినవాళ్లతో, “ఎట్లాగూ ఒప్పుకోని దినాలే గదా” అన్నాడట. దాంతో లెక్క మళ్లీ మొదటికొచ్చింది. మునీర్ రోజూ మెట్ల మీద నుంచి ఆ బల్లనూ ఆ మనిషినీ చూసేవాడు. చూసిన ప్రతిసారీ మనసు పీకేది. పిలవడానికి మాత్రం నోరు రాలేదు.

హజ్రత్ ప్రశ్న విన్నారు. అంతలోనే కబురొచ్చింది, లాలప్ప తల్లి హుస్సేన్‌బీ తెల్లవారుతుండగా కన్నుమూసిందని. హజ్రత్ చేతికర్ర అందుకుని “పద” అన్నారు, అంతే.

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత జనాజా ఈద్గా మైదానానికి చేరింది. మూడు వరసలు నిలబడ్డాం. హజ్రత్ ముందుకు వెళ్లి ఆనవాయితీ ప్రకారం అడిగారు. “వలీ ఎవరు? నమాజు చదివించడానికి వారసుడు అనుమతి ఇవ్వాలి.”

ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. అందరం వెనక్కి చూశాం. అక్కడిదాకా తల్లి డోలా మోసినవాడు, దాన్ని దించి కంచె అవతల నిలబడ్డాడు.

“ఆమె తమ్ముడి కొడుకున్నాడు హజ్రత్, అతను చెబుతాడులే” అన్నారెవరో.

“కన్నకొడుకు బతికే ఉన్నాడు కదా” అని హజ్రత్ చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఎండ మాడు పగలగొడుతోంది. ఒకరు గడియారం చూసుకుంటారు, ఒకరు మయ్యత్‌ను మట్టికి చేర్చడం ఆలస్యం చేయకూడదని గొణుగుతారు. కాళ్లు మార్చుకుని మార్చుకుని నాకూ విసుగొచ్చింది, దాచడమెందుకు? మొదటి వరసలో ఉన్న మునీర్ అటూ ఇటూ చూసి చూసి, చివరికి తానే కంచె దగ్గరికి నడిచాడు. నేను ఆఖరి వరసలో ఉండటం వల్ల వాళ్ల మాటలన్నీ వినబడ్డాయి.

“లాలప్ప మామా, రండి. హజ్రత్ మీ కోసమే ఆగినారు.”

“నేను రాగూడదు గదా సాబ్. ఇంకా ముప్పై ఆరు దినాలుండాయి.”

“ఈరోజు తాగలేదు కదా?”

“ముట్టి నాలుగు దినాలాయె. స్నానం చేసినా, వజూ చేసినా. అయినా నాది పైకి పోదని మీరే గదా చెప్పినారు. పైకి పోని నమాజు నేను మాయమ్మ మీద చదివితే, మీ అందరిదీ గూడా అడ్డం పడి ఆగిపోతుందేమో సాబ్. ఆమెకింక ఇదొక్కటే గదా మిగిలింది.”

మునీర్ కంచెకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. తర్వాత అన్నాడు. “నేను సగమే చెప్పినాను మామా. తౌబా చేసుకుంటే అల్లాహ్ అంగీకరిస్తాడని కూడా ఉంది.”

“ఎప్పుడు చేసుకోవాల? నలభై అయినాకనా?”

“ఎప్పుడైనా. ఇప్పుడైనా.”

లాలప్ప అతని ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అరుపు లేదు. “మరి నన్ను ఇన్ని దినాలు బయట ఎందుకు కూర్చోబెట్టినారు సాబ్?”

మునీర్ తల ఎత్తలేదు. లాలప్ప అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏదో చెప్పుకున్నాడు. అది అతనికీ పైవాడికీ మధ్య మాట. లేచి, జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, కంచె దాటి వచ్చాడు. “చదివించండి హజ్రత్” అని ఆఖరి వరస చివర నిలబడ్డాడు.

మేం కొంచెం జరిగాం. ఎవరూ చెప్పలేదు, కాళ్లే జరిగాయి. జరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అతనికీ మాకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. నమాజు మొదలుపెట్టే తక్బీర్ కోసం చేతులెత్తబోతూ హజ్రత్ ఆగి వెనక్కి తిరిగారు. “వరస కలవలేదు” అన్నారు. మొదటి వరసకు తిరిగి వెళ్తున్న మునీర్ వెనక్కి వచ్చి, ఆ ఖాళీలో లాలప్ప భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. అప్పుడు నమాజు మొదలైంది.

మట్టి ఇచ్చి తిరిగి వస్తుంటే మునీర్ ఊరుకోలేకపోయాడు. గోళ్లలో మన్ను ఇంకా అలాగే ఉంది. “హజ్రత్, ఈరోజు లాలప్ప నమాజు ఒప్పుకోబడినట్టేనా?”

హజ్రత్ నడక ఆపలేదు.

“ముప్పై రెండేళ్లుగా ముందు నిలబడి చదివిస్తున్నాను మునీర్. నాది ఒప్పుకున్నట్టు ఇంతవరకూ కబురు రాలేదు.”