ఊట దగ్గరికొచ్చిన ఒంటెలు

రాళ్లకొండ మీద ఉన్నది ఒకటే ఊట. దాని చుట్టూ మేకల మంద. మందకు పెద్ద గడ్డపుదొర అనే ముసలి మేకపోతు. ఊట తన తాతలదని అతని ధీమా. అతనూ, అతని పోతులూ కడుపునిండా తాగాకే కూనలకు నీళ్లు. ఒక వేసవిలో నల్లచెవి అనే ఆడమేక కూన దాహంతో సొమ్మసిల్లి పడిపోయింది. నల్లచెవికి ఒళ్లు మండింది. కుర్రమేకల్ని పోగేసి దొరను కొండ వెనక్కి తరిమేసింది.

అయినా ఒక పాత కట్టుబాటును మాత్రం ఎవరూ దాటలేదు. నీళ్లు కనిపించేంత దూరంలో కొమ్ములు కలిపి పోట్లాడకూడదు. పొద్దున దొర వర్గం వచ్చి తాగేది, సాయంత్రం నల్లచెవి వర్గం. మధ్యలో కుమ్ములాట.

ఈ కుమ్ములాట త్వరగా తేల్చేద్దామని నల్లచెవి కింద ఖర్జూరపు తోపుకు కబురు పెట్టింది. అక్కడ ఒంటెల నాయకుడు ఎత్తుమూపు. "ఎడారిలో పుట్టిన జీవాలన్నీ ఒకే మంద!" అని రోజుకు నాలుగుసార్లు ఉపన్యాసమిచ్చేవాడు. ఆ మందకు నాయకుడెవరో వేరే చెప్పాలా?

"చెల్లీ, నీ పోరు నా పోరే. వారంలో ముసలాణ్ణి నీ కాళ్ల దగ్గర పడేయిస్తా," అన్నాడు కబురందగానే వచ్చి.

"మీవాళ్లకు రాళ్లమీద నడక అలవాటేనా అన్నా?"

"ఒంటెకు నడక నేర్పుతావా?"

నల్లచెవి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో!

ఒంటెలు కొండెక్కాయి. ఇసుకలో నడిచే పాదాలు రాళ్లమీద జారి మోకాళ్లు పగిలాయి. పైనుంచి దొర పోతులు బండలు దొర్లించాయి. ఎత్తుమూపంటే గిట్టని పొట్టేళ్ల రాజు దొరకు మేత పంపాడు. వారమన్నది నాలుగేళ్లయింది. చివరికి ఒంటెలు ఉక్రోషంతో ఊట చుట్టూ కాపలా పెట్టి దొర వర్గానికి నీళ్లు ఆపేశాయి. మొట్టమొదటిసారి నీళ్లలో నెత్తురు పడింది. పైగా ఒక్కో ఒంటె బానలకొద్దీ తాగేది.

నల్లచెవి తోపుకు పరిగెత్తింది. "అన్నా, ఊట అడుగంటుతోంది! నీవాళ్లను దింపెయ్."

"గెలవకుండానా? లోకం ఏమనుకుంటుంది?"

"ఏ లోకం? అక్కడ నా కూనలు బురద నాకుతున్నాయి!"

"చిన్న విషయాలు మాట్లాడకు చెల్లీ. మనది పెద్ద కల."

కూనల దాహం చిన్న విషయమట! నల్లచెవికి కళ్లు ఎర్రబడ్డాయి. జాలితో కదిలే ఘటం కాదు వీడు. పొగరు రెచ్చగొట్టే కదిలించాలి.

"సరేలే. ఏటి దగ్గరికి ఎవర్నీ రానివ్వని ఆ అవతలి గుర్రాలు ఏమంటున్నాయో విన్నావా? మేకల మీదేనట నీ ప్రతాపం. వాటి రేవు వైపు చూసే దమ్ము లేదట నీకు."

ఎత్తుమూపు మెడ నిక్కింది. ఆ సాయంత్రమే గుర్రాల రేవుకు అడ్డంగా ఒంటెల్ని నిలబెట్టి, తొక్కేస్తానని గర్జించాడు. మంచి ఒంటెల్లో సగం కొండమీద కుంటుతున్న సంగతే మరిచాడు. మూడోరోజు పొద్దున గుర్రాలు దూసుకొచ్చాయి. మధ్యాహ్నానికి ఖర్జూరపు తోపు పోయింది. ఎత్తుమూపు గొప్పలు ఊరూరా చాటే కాకులు మాత్రం "గెలుస్తున్నాం, గెలుస్తున్నాం!" అని ఇంకా అరుస్తూనే ఉన్నాయి.

కొండమీది ఒంటెలు కుంటుకుంటూ దిగిపోయాయి. నల్లచెవి ఆనందంగా ఊట దగ్గరికి ఉరికింది. అడుగున బురద తప్ప ఏమీ లేదు. అవతలి ఒడ్డున గడ్డపుదొర, మిగిలిన ఒక్క కొమ్ముతో నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరూ తాగడానికి తలలు దించారు. మూతులకు బురదే తగిలింది.

అంతలో ఎత్తుమూపు వచ్చాడు, తోపు పోగొట్టుకుని, నాలుక పిడచకట్టుకుపోయి. "చెల్లీ, గుక్కెడు నీళ్లు..."

నల్లచెవి పళ్లు కొరుకుతూ పక్కకు జరిగింది. "ఒకే మంద కదన్నా! రా. మా కూనలు నాకిన బురదే నువ్వూ నాకు."

నీతి: ఇంటి తగువు తీర్చమని బయటి బలాన్ని పిలిస్తే, తగువు ఆ బయటివాడిదైపోతుంది, ఇల్లు ఎవరికీ మిగలదు.