చిటికెన వేళ్ల ఊరు

చీకట్లో ఒక ఊరు కట్టాలి. దీపం లేదు, మేస్త్రీ లేడు. కట్టేవాళ్లే ఇటుకలు. పైకి ఎక్కి, పక్కవాళ్లని పట్టుకుని నిలబడిపోవడమే పని.

చీకట్లో మనవాళ్లని పోల్చుకోవడం ఎలా అంటారా? భలే ఉపాయముందండీ వాళ్లకి! చిటికెన వేలు కొక్కెంలా వంగుతుంది. వేలికి వేలు తగిలిందా, ఇక ఒకింటివాళ్లే.

ఆ వేలు గుమ్మం దగ్గర అవ్వ ఇస్తుంది. ఆమె దగ్గర రెండు సంచులు. ఒకటి తల్లి పంపింది, ఒకటి తండ్రి పంపింది. ఎవరైనా ఒక్కదాంట్లోనే చెయ్యి పెట్టాలి. తల్లి సంచిలో పెడితే వేలు వంగుతుంది. తండ్రి సంచిలో పెడితే తిన్నగా ఉండిపోతుంది.

"తిన్నటి వేళ్లతో ఊరు నిలుస్తుందా అవ్వా?" అంది, చెల్లితో కలిసి వచ్చిన ఒక అక్క.

"ఎందుకు నిలవదే! తండ్రి ఊళ్లో అందరివీ తిన్నటివే. భుజానికి భుజం ఆనించుకుని రాయిలా ఉన్నారు. అందరూ ఒక్కలా ఉంటే బాధ లేదు పిల్లా."

అక్కాచెల్లెళ్లు కవలలు. పక్కపక్కనే నిలబడతామని ఒట్టేసుకున్నారు. అక్క తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. "నాకు నాన్నే ఇష్టం" అని నవ్వుతూ చెల్లి రెండోదాంట్లో పెట్టింది.

"ముందెక్కి నాకు చోటాపవే!"

అక్క ఎక్కి చోటు ఆపింది. వచ్చినవాళ్లందరినీ కసిరింది. చివరికి చెల్లి వచ్చింది.

"అక్కా, నేనే!"

"అందరూ అక్కా అనే అంటున్నారు. వేలియ్యి."

ఇచ్చింది. జారిపోయింది. మళ్లీ ఇచ్చింది. మళ్లీ జారింది.

"దొంగమొహమా, ఇది మా చెల్లి చోటు! జరుగు!"

చెల్లి భుజం ఆనించబోయింది. అలా ఆనుకోవడం అక్కకెక్కడ తెలుసు? తోసేసింది. చెల్లి ఏడుస్తూ తిన్నటి వేళ్లవాళ్లలో కలిసిపోయింది.

అందరూ అలాగే చేశారు. ఊరు లేచింది, రెండు ముక్కలుగా. నడుమ ఖాళీల్లో మెరుపులు పుట్టాయి. మెరిసినప్పుడల్లా ఊరంతా వణికేది.

"అవతల మా చెల్లి గానీ ఉందా?" అని అక్క అరిచేది.

"ఇక్కడ నీవాళ్లెవరూ లేరు" అని చెల్లి గొంతే పలికేది.

ఆ ఊరికి బయట ఒక తండ్రి, ఆ ఊరిని తలలో మోస్తూ మూర్ఛతో కొట్టుకుంటున్న కూతుర్ని ఒళ్లో పొదువుకున్నాడు. "అయిపోయిందమ్మా బంగారూ, అయిపోయింది."

"మా వంశంలో ఎవరికీ లేదీ జబ్బు" అంది ఆయన తల్లి. "మా అబ్బాయిని చూడండి, రాయిలా లేడూ!"

పిల్ల తల్లి తల వంచుకుంది.