గట్టమ్మ వదిలిన పుట్ట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్ల కన్నా బండలే ఎక్కువ. ఆ బండల మధ్య గట్టమ్మ అనే ఉడుము ఉండేది.

ఉడుం పట్టు సంగతి మీకు తెలుసుగా? గోళ్లతో బండని పట్టుకుందంటే ఇక అంతే! ఒకసారి ఒక అడవిపంది గట్టమ్మ తోక పట్టుకుని బండ సందులోంచి లాగింది. లాగీ లాగీ పందికి ఆయాసం వచ్చింది కానీ గట్టమ్మ కదల్లేదు. ఆ రోజు నుంచి ఎవరు కనబడినా, "వదలడం మా ఇంటా వంటా లేదు" అని చెప్పుకునేది. కాస్త గొప్పలు ఎక్కువే దానికి.

వానలు తగ్గుముఖం పట్టాక గట్టమ్మకి గుడ్లు పెట్టే వేళ వచ్చింది. గుట్ట కింద చెదపురుగుల పుట్టలు చాలా ఉన్నాయి. ఒక పుట్టకి కన్నం తవ్వి, లోపల గుడ్లు పెట్టింది.

"ఎవరమ్మా, మా గోడ పడగొట్టింది?" అంటూ చెదల పెద్దవ్వ బయటికి వచ్చింది.

"నేనే అవ్వా. నా పిల్లలకి కాస్త చోటు కావాలి" అంది గట్టమ్మ.

పెద్దవ్వ గుడ్ల కేసి చూసి మెత్తబడింది. "సరేలే, ఉండనీ. కన్నం మేం పూడుస్తాం. లోపల వెచ్చగా ఉంటాయి. తొలకరికి పుట్ట మెత్తబడితే పిల్లలు వాటంతట అవే బయటికొస్తాయి. నువ్విక వెళ్లు."

"వెళ్లడమా! నా పిల్లల్ని వదిలేసా?" అంటూ గట్టమ్మ పుట్టెక్కి, గోళ్లు దిగేసి కూర్చుంది.

మొదటి రోజు ఒక ముంగిస అటుగా వచ్చింది. "ఏం వదినా, పుట్టెక్కి కూర్చున్నావు?"

"ఎండ కాగుతున్నాను మరిదీ."

"ఎండేదీ? మబ్బు పట్టి ఉంటేను!" ముంగిస నవ్వుకుంటూ వెళ్లిపోయింది. దానికి ఉడుము గుడ్లంటే మహా ఇష్టం.

రెండో రోజు అది వచ్చి దూరంగా కూర్చుంది. పుట్ట కేసే చూస్తూ ఉండిపోయింది.

మూడో రోజుకి గట్టమ్మ తిండి లేక నీరసపడిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి. ముంగిస దగ్గరికి జరిగి, "కాసేపు కునుకు తీయి వదినా. నేను చూస్తూ ఉంటాలే" అంది.

గట్టమ్మకి దాని ఎత్తు అర్థమైంది. తను నిద్రపోతే గుడ్లన్నీ దాని పొట్టలోకే! పుట్టకి నోరు ఆనించి, "అవ్వా, ఇప్పుడేం చెయ్యను?" అని ముంగిసకి వినబడకుండా ఏడ్చింది.

లోపల్నుంచి పెద్దవ్వ మెల్లగా అంది: "పిచ్చిదానా, గుట్ట కింద ఇన్ని పుట్టలుండగా ముంగిస దీని దగ్గరికే ఎందుకొచ్చింది? నువ్వు కూర్చున్నావు కాబట్టి. చోటు చూపించింది నువ్వే."

గట్టమ్మకి అవ్వ మాట నిజమేననిపించింది. తర్వాత ఒక్కొక్క గోరే పుట్టలోంచి పైకి తీసింది. ఆనాడు పంది లాగినప్పుడు కూడా దానికి అంత నొప్పి కలగలేదు. పుట్ట దిగి, వెనక్కి చూడకుండా ముంగిస ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ముంగిస తెల్లబోయింది. "ఉడుము పట్టింది వదలదే! వదిలి పోయిందంటే ఇక్కడ గుడ్లు లేనట్టే. మూడు రోజులూ ఉత్త పుట్ట మీద కూర్చుని నన్ను వెర్రివాణ్ని చేసిందన్నమాట! అసలు గుడ్లు ఇంకెక్కడో పెట్టి ఉంటుంది" అనుకుని గట్టమ్మ వెంట పడింది.

గట్టమ్మ ఇంకో పుట్టకి వెళ్లి, గొయ్యి తవ్వి, పూడ్చి, కాసేపు దాన్ని కావలించుకుని కూర్చుంది. అది దిగగానే ముంగిస వచ్చి ఆత్రంగా తవ్వింది. మట్టి తప్ప ఏమీ లేదు. మరో పుట్ట దగ్గరా అంతే. ఆ పక్క పుట్టలో చెదలు దాని ముక్కు పట్టుకుని కరిచాయి కూడా.

"ఛీ, ఈ ఉడుముతో నాకెందుకు! హాయిగా ఎలకల్ని పట్టుకుంటే పోయేది" అని తిట్టుకుంటూ ముంగిస గుట్ట దాటి పోయింది.

గట్టమ్మ మళ్లీ తన గుడ్లున్న పుట్ట దగ్గరికి పోలేదు. పోవాలనిపించలేదా అంటే, రోజూ అనిపించింది. చలికాలం గడిచింది, ఎండలు మండాయి. ఎదురు బండ మీద నుంచి పుట్ట కేసి చూసేది, చప్పున మొహం తిప్పుకునేది. పాపం, ఎంత బెంగపడిందో!

తొలకరి పడింది. పుట్ట మెత్తబడింది. మట్టి తోసుకుని ఒక బుల్లి మూతి బయటికొచ్చింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి! గట్టమ్మ బండ దిగి పరుగెత్తింది.

"ఇదిగో నీ పిల్లలు. అన్నీ క్షేమం" అంది పెద్దవ్వ.

ఒక పిల్ల వచ్చి గట్టమ్మ తోక పట్టుకుంది. విదిలిస్తే రాలేదు. ఊపితే రాలేదు.

"వదలవే!" అంది గట్టమ్మ.

"వదలను!" అంది పిల్ల.

గట్టమ్మకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "పట్టుకోవడం నీకు నేను నేర్పక్కర్లేదే తల్లీ. ఎప్పుడు వదలాలో నేర్పుతాను, పద" అంది.

నీతి: మనవాళ్లని గట్టిగా పట్టుకోవడమే కాదు, వాళ్ల మంచి కోసం అవసరమైనప్పుడు వదలడం కూడా ప్రేమే.