రబ్బరు ఎర

పోలయ్య గురువును ఏదైనా అడగాలంటే కాలవ గట్టుకు వెళ్లాలి. అరుగు మీద అడిగితే "చూద్దాంలే" అంటారు, దారిలో అడిగితే నవ్వి ఊరుకుంటారు. గాలం నీళ్లలో పడ్డాక అడిగిన మాటే ఆయన చెవికెక్కుతుంది. చేపలు పట్టే గురువేమిటని కొత్తవాళ్లు ముక్కున వేలేసుకుంటారు గానీ, ఆయన పుట్టిందే పడవలవాళ్ల ఇంట్లో. తత్వాలు పాడటం మొదలుపెట్టి ఊరంతటికీ గురువైపోయాక కూడా, కూరకు చేపలు కొనుక్కోవడం ఆయనకు నామోషీగానే ఉండేది.

శిష్యుల్లో నాగభూషణం ఒకడు. ద్రాక్షారామంలో షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాడు. పెళ్లిపందిరి గుమ్మంలో పన్నీరు చిమ్మే మిషను ఆ చుట్టుపక్కలకు మొదట తెచ్చింది తనేనని రోజుకొక్కసారైనా చెప్పుకోకపోతే అతనికి అన్నం సహించదు. అలాంటివాడు ఆ ఆదివారం కోటిపల్లిలో గురువు పక్కన వచ్చి కూర్చుని, మిషను ఊసే ఎత్తలేదు. మొహం వేలాడేసుకుని అడిగాడు.

"గురువుగారండి, ఎంత చేసినా కొంతమంది మనసు ఎందుకు కరగదండి?"

"ముందు గాలం వెయ్యి," అన్నారు గురువు.

భూషణం బాధ ఏమిటో ఆయనకు తెలియకపోలేదు. ఎల్లుండి అతని కూతురు హారికను పెళ్లికూతుర్ని చేస్తారు. తల్లి పోయినప్పుడు హారికకు ఇంకా సరిగ్గా నడకైనా రాలేదు. ఏటికవతల ముక్తేశ్వరంలో ఉన్న మేనత్త వరహాలమ్మ ఆ పిల్లను తీసుకెళ్లి, బడిలో వేసేదాకా తన దగ్గరే పెంచింది. ఆ పిల్ల పెళ్లికి మొదటి పిలుపు ఆ గడపకు వెళ్లాలి. మనిషి వెళ్లి, బొట్టు పెట్టి పిలవాలి. ఊళ్లో అందరి పందిళ్లూ వేసే భూషణానికి ఇది తెలియదంటే ఎవరు నమ్ముతారు? తెలుసు. కానీ పెద్దవాళ్లనీ పలుకుబడి గలవాళ్లనీ పిలిచే హడావుడిలో పడి, అక్కే కదా, ఏమనుకుంటుందిలే అని కార్డు డ్రైవరు చేత పంపేశాడు. గంధం వాసన కొట్టే ఖరీదైన కార్డు. అది వెనక్కి వచ్చింది. అప్పుడు గుండె జారి పట్టుచీర పంపాడు. అదీ వచ్చింది. పళ్లబుట్ట పంపితే డ్రైవరు దాన్ని కిందికి దించకుండానే తిరిగొచ్చాడు. నిన్న హారిక ఒకటే మాట అంది: "అత్త నూనె పెట్టకపోతే నేను పీట మీద కూర్చోను నాన్నా." అప్పటి నుంచీ అతను ముద్ద ముట్టలేదు.

గాలం వెయ్యమన్నారు కాబట్టి జేబులోంచి ఒక పొట్లం తీశాడు. వానపాముల్ని పట్టుకోవాలంటే అతనికి ఒళ్లు జలదరిస్తుంది. అందుకని కాకినాడలో రబ్బరు వానపాములు కొనుక్కున్నాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పొట్లం విప్పగానే రొయ్యల వాసన గుప్పుమంది.

"అసలు వాటికంటే ఇయ్యే వాసనండి," అన్నాడు, అంత దిగుల్లోనూ కొంచెం గొప్పగా.

గురువు తన కొబ్బరిచిప్పలోని తడిమట్టి కెలికి, ఒక వానపామును ముల్లుకు గుచ్చి పక్కనే వేశారు. కాలవ నీళ్లు తేరుకుని ఉన్నాయి. పరిగె చేపలు గుంపుగా ముందు భూషణం గాలం దగ్గరికే వచ్చాయి. అతను ఊపిరి బిగబట్టాడు. అవి రబ్బరును మూతితో పొడిచాయి, చుట్టూ తిరిగాయి, మెల్లగా తప్పుకున్నాయి. ఈలోగా గురువు గాలానికి కట్టిన బెండు బుడుంగున మునిగింది. ఆయన లాగేసరికి అరచేతి వెడల్పు పరిగె గట్టు మీద పడి తపతప కొట్టుకుంది.

"వాసన బానే ఉందోయ్," అన్నారు గురువు. "అందుకే కదా ముందు నీ దగ్గరికి వచ్చాయి."

"మరి పట్టుకోవేంటండి?"

"ముల్లు గుచ్చితే నాది మెలికలు తిరుగుద్ది. నీదానికి చీమ కుట్టినట్టైనా ఉండదు." చేపను బుట్టలో వేసి ఆయన ఇటు తిరిగారు. "మీ అక్కకి ఏమేం పంపావు?"

భూషణం చెప్పాడు. కార్డు, చీర, పళ్లు. చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది.

గురువు కొబ్బరిచిప్ప అతని ముందుకు జరిపారు. భూషణం కళ్లు సగం మూసుకుని వానపామును తీశాడు. అది వేళ్ల మధ్య మెలితిరిగేసరికి పట్టు జారి, ముల్లు అతని చూపుడువేల్లోనే దిగింది. "అయ్యబాబోయ్" అని కేకేశాడు. గురువు ముల్లు ఊడదీసి, తువ్వాలు అంచు చింపి వేలికి కట్టు కట్టారు.

"ముక్తేశ్వరం దాటించే పంటు ఇప్పుడే ఒడ్డుకొచ్చినట్టుంది," అన్నారు.

భూషణం కాసేపు ఆ కట్టు వంక చూసుకున్నాడు. తర్వాత లేచి, పంచకు అంటిన బురదైనా దులుపుకోకుండా రేవుకేసి పరిగెత్తాడు.

ముక్తేశ్వరంలో అక్క గుమ్మం ముందు నిలబడ్డాకగానీ, చేతిలో కుంకుమ భరిణె కూడా లేదని అతనికి తట్టలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అక్కా, నేను రావాల్సింది. రాలేదు. తర్వాత సిగ్గేసి సామాన్లు పంపాను," అన్నాడు. ఏడుపొచ్చింది.

వరహాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "కారు చప్పుడైనప్పుడల్లా నువ్వేనేమోనని గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చానురా. వచ్చినప్పుడల్లా ఆ డ్రైవరే దిగాడు." ఆ మాట అంటూ లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకుంటుందేమోనని భూషణం ప్రాణం గిలగిల్లాడింది. ఆమె తన భరిణె తెచ్చి మూత తీసి అతని ముందు పట్టింది. "నీ పెళ్లాం ఉంటే అది పెట్టేది. లేదు కాబట్టి నువ్వే పెట్టు. అయినా ఏంటిరా ఈ చేపల కంపు!"

కట్టు కట్టిన వేలితో అతను అక్కకు బొట్టు పెట్టాడు. అది వంకరగా పడింది. ఆమె సరిచేసుకోలేదు. లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి సంచిలో పెట్టుకుంది. మేనకోడలి నలుగు కోసం ఎప్పుడో తిరగలిలో విసిరి దాచిన సున్నిపిండి. అది చూసి భూషణం గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. అప్పుడే అతనికి ఆకలి కూడా తెలిసింది. అక్క ఇంత పెరుగన్నం కలిపి పెడితే అక్కడే గుమ్మంలో కూర్చుని తిన్నాడు.

పొద్దు వాలే వేళకు అక్కాతమ్ముళ్లిద్దరూ పంటు దిగారు. గురువు ఇంకా గట్టు మీదే ఉన్నారు. దారిలో తమ్ముడు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడేమో, వరహాలమ్మ నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏవండీ గురువుగారూ, మా వాడికి ఎర వెయ్యడం నేర్పారంట. అంటే నేను చేపనాండీ?"

గురువు బెండు మీది నుంచి చూపు తిప్పలేదు.

"ముల్లు ఎవరికి గుచ్చుకుందో చూడమ్మా," అన్నారు.