వాలుచెట్టు కింద చాప

1958 నవంబరు 16, ఆదివారం. కార్తికమాసం మొదటి రోజులు. తెల్లవారుజాము నుంచి ఈశాన్యపు గాలి, సన్నగా ముసురు. ఆకాశం తోమని సత్తుగిన్నెలా ఉంది. గాలి ఒకే తీరున వీచినా బాగుండేది. కాసేపు ఆగి, జనం తేరుకున్నాక, మళ్ళీ ఒక్క విసురు విసిరేది.

అలాంటి విసురులో దర్జీ బుల్లియ్య వాకిట్లో ఎండు కొబ్బరికాయ ఒకటి పడింది. బోర్లించి ఉన్న ఇత్తడి బిందె మీద పడింది. బిందె సొట్టపోవడం కాదు, చీలిపోయింది.

చప్పుడుకి బుల్లియ్య భార్య మాణిక్యం పరుగెత్తుకొచ్చింది. బిందె వైపు చూడలేదు. వసారా దూలం వైపు చూసింది. మొన్నమొన్నటి దాకా చంటిదాని ఉయ్యాల ఆ దూలానికే కట్టి ఉండేది. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక దక్కిన పిల్ల అది.

“ఇంకెన్నాళ్ళండీ?” అంది.

బుల్లియ్య చొక్కా జేబు తడుముకున్నాడు.

ఆ చెట్టు పక్కింటి పేరయ్యది. మొదలు పేరయ్య దొడ్లో ఉంది, తల బుల్లియ్య వాకిట్లో ఉంది. కొబ్బరిచెట్టు ఎప్పుడూ వెలుతురున్న వైపుకే వాలుతుంది. అది మొక్కగా ఉన్నప్పుడు బుల్లియ్య ఇల్లు లేదు, ఆ స్థలమంతా ఖాళీ. చెట్టు తప్పేమీ లేదు. ఆ సంగతి బుల్లియ్యకీ తెలుసు. తెలిసినంత మాత్రాన కాయలు పడకుండా ఆగవు కదా.

పేరయ్య తప్పు మాత్రం ఉంది. ఆ చెట్టు కాయలకు విత్తనానికని మంచి గిరాకీ. విత్తనపు కాయ చెట్టు మీదే బాగా ముదరాలి. అందుకని ఊరంతా చెట్లెక్కించి కాయల దింపు తీయించినా, పేరయ్య ఆ చెట్టు జోలికి మనిషిని పోనిచ్చేవాడు కాదు. చెట్టు కొట్టించమని బుల్లియ్య అడిగాడు. పోనీ ఇనుపతీగతో వెనక్కి లాగి కట్టించమన్నాడు. కేసు పెడతానన్నాడు. పిల్లకేమైనా అయితే నీ వంశం నాశనమన్నాడు.

“ఒరే బుల్లియ్యా, కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయిరా. చూసుకునే పడుద్ది. నీ మీద పడ్డాక వచ్చి చెప్పు, చూద్దాం,” అన్నాడు పేరయ్య, చుట్ట నోట్లోంచి తీయకుండానే.

అప్పటి నుంచి బుల్లియ్య వాకిలి వదిలేసుకుంటూ వచ్చాడు. ముందు ఉయ్యాల వెనకగదిలోకి వెళ్ళింది. తర్వాత వసారాలోని కుట్టుమిషను లోపలికి వెళ్ళింది. అక్కడ వెలుతురు లేదు. గుండీల కాజాలు వంకరపోతున్నాయని జనం ఎత్తిపొడుస్తున్నారు. రాత్రిళ్ళు గాలి లేచినప్పుడల్లా అతను లేచి కూర్చునేవాడు. ఆఖరికి అమలాపురం వెళ్ళి, చిన్న సీసాలో పాదరసం తెచ్చుకున్నాడు. మానుకి కన్నం తొలిచి పోస్తే ఎంతటి చెట్టయినా నిలువునా ఎండిపోతుందని ఎవరో చెప్పారు. వారం నుంచీ సీసా జేబులోనే ఉంది. చెయ్యి రావడం లేదు.

ఆ ఆదివారం చీలిన బిందె చూశాక, తుండు నెత్తిన వేసుకుని పంటకాలువ గట్టుకి వెళ్ళాడు. అక్కడి పాకలో గవరయ్య గురువుగారు ఉండేవారు. ఆయన ఏం చదివారో, ఎవరి దగ్గర ఉపదేశం తీసుకున్నారో ఎవరికీ సరిగా తెలియదు. ఊళ్ళో సగం మంది ఆయన శిష్యులే. మిగతా సగం కూడా ఆయన ఎదురైతే చుట్ట దాచేవాళ్ళు. పేరయ్య ఈ రెండో సగం.

“గురువుగారూ, తప్పనిసరైతే ఒక ప్రాణం తీయొచ్చాండి?”

“ఎవరి ప్రాణం?”

“చెట్టుదండి.”

గురువుగారు అప్పుడే తాటాకు చాప దులుపుతున్నారు. దులపడం ఆపారు.

“దాని కింద ఎవరుంటున్నారిప్పుడు?”

“ఎవరూ లేరండి. ఎప్పుడో ఖాళీ చేసేశాం.”

“ఓహో,” అని, చాప చుట్టి చంకన పెట్టుకున్నారు. “పద.”

ఆయన బుల్లియ్య వాకిట్లోకి వచ్చి, తలెత్తి గెల ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా దాని కింద చాప పరిచి కూర్చున్నారు.

“అమ్మా మాణిక్యం, కాసిని మజ్జిగ ఉంటే ఇయ్యి.”

బుల్లియ్య గుమ్మంలోకి పరుగెత్తి అక్కడి నుంచే కేకేశాడు. “అక్కడ వద్దండి! లోపలికి రండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!”

“మరి పట్టుకోడానికైనా ఇక్కడికి రావాలిగా?”

మాణిక్యం మజ్జిగ గ్లాసు పరుగున తెచ్చి ఇచ్చి, పరుగున గుమ్మంలోకి వెళ్ళిపోయింది. గాలి విసిరింది. పైన మట్టలు ఒకదాన్నొకటి రాసుకుని కీచుమన్నాయి. బుల్లియ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చూడలేడు, చూడకుండా ఉండలేడు. గెలలో ఒక కాయ తొడిమ దగ్గర నల్లగా ఉంది. అదే ఊగుతోంది.

“భయంగా ఉందా?” అడిగారు గురువుగారు.

“ఆయ్, ప్రాణాలు పోతున్నాయండి.”

“ఈ మాట పేరయ్యతో చెప్పావా?”

“చెట్టు కొట్టించమన్నానండి. కేసన్నానండి. వంశం నాశనమన్నానండి—”

“అవన్నీ కాదు. భయంగా ఉందని చెప్పావా?”

బుల్లియ్య ఆలోచించాడు. ఎంత వెతుక్కున్నా ఆ మాట అన్నట్టు గుర్తు రాలేదు.

మళ్ళీ గాలి విసిరింది. ఇక అతను ఆగలేదు. దడి దగ్గరికి పరుగెత్తి గొంతెత్తి అరిచాడు. “మావయ్యా! పేరయ్య మావయ్యా! భయమేస్తోంది, ఒక్కసారి రా మావయ్యా!”

గొడవ మొదలైన ఆర్నెల్లకు ఆ నోట మళ్ళీ మావయ్య అన్న పిలుపు వచ్చింది. పేరయ్య చుట్టతో సహా దడి సందులోంచి దూరి వచ్చాడు. గురువుగారిని చూసి చుట్ట దాచబోయాడు. తర్వాత ఆయన ఎక్కడ కూర్చున్నారో చూశాడు. తర్వాత పైకి చూశాడు. ఆ చెట్టుకి అతను యజమానే గానీ, ఇటువైపు నుంచి ఏనాడూ చూసి ఎరగడు.

“ఓరి నాయనో,” అన్నాడు. “ఇక్కడికి ఇలా కనబడుద్దేంట్రా?”

“భయమెందుకు మావయ్యా? మూడు కళ్ళున్నాయిగా, చూసుకునే పడతాయిలే!” అంది లోపల్నుంచి మాణిక్యం.

పేరయ్య చుట్ట పారేశాడు. “గురువుగారూ, లేవండి, మీకు దండం పెడతాను. ఆ పాపం నాకొద్దు.”

“నా మీద పడితే పాపమా పేరయ్యా?” అన్నారాయన మామూలుగా. “కూర్చో. చాప మీద చోటుంది.”

పేరయ్య కూర్చోలేదు. దింపు తీసే సత్తియ్య ఇంటికి పరుగెత్తాడు. ఈ గాలిలో తన తాత కూడా ఎక్కలేడన్నాడు సత్తియ్య. గాలి తగ్గేదాకా ఆగమన్నాడు. పేరయ్య తిరిగొచ్చేటప్పుడు ఇంట్లోంచి ఒక పెద్ద టేకుపీట తెచ్చి, గురువుగారి నెత్తి మీద గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ బుల్లియ్య, దాన్ని మాణిక్యానికి అప్పగించి, మెల్లగా వచ్చి పీట రెండో కొస పట్టుకున్నాడు. అంత భయంలోనూ మాణిక్యానికి నవ్వొచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఆ నల్ల తొడిమ కాయ ఊడింది. చాపకు మూరెడు అవతల తడినేలలో సగానికి దిగబడింది. నేల అదిరింది. గురువుగారి చేతిలోని రెండో గ్లాసు మజ్జిగ ఒలికి పంచె మీద పడింది. బుల్లియ్య చూశాడు. ఆయన రెండో చెయ్యి చాప అంచును బిగించి పట్టుకుని ఉంది.

“మీకూ భయమేనాండి?”

“మరి?”

“మరెందుకు కూర్చున్నారండి?”

“భయం లేనివాడు ఇక్కడ కూర్చుంటే ఎవరికి ఉపయోగం?”

పొద్దు వాలే వేళకి గాలి పడిపోయింది. సత్తియ్య ఎక్కి, కాయలన్నీ తాడుతో దించాడు. పేరయ్య ఎన్నడూ లేనిది దగ్గరుండి ఇనుపతీగ తెప్పించి, తన దొడ్లోని ముదురు చింతమానుకి చెట్టును లాగి కట్టించాడు. విత్తనానికి ముదరని కాయలు చాలా పోయాయి. దించినవి పోగేసుకుంటూ నోట్లో ఏదో గొణుక్కున్నాడు గానీ, పైకి ఏమీ అనలేదు.

గురువుగారు చాప చుట్టుకుంటుంటే బుల్లియ్య జేబులోంచి సీసా తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

“ఏంటిది?”

“పాదరసమండి.”

ఆయన దాన్ని ఎత్తి, దించి చూశారు. “ఇంత చిన్నదానికి ఎంత బరువు! పొద్దుట్నుంచీ మోస్తున్నావా?”

“వారం నుంచండి.”

ఆయన దాన్ని జోలెలో వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు కుట్టుమిషను వసారాలోకి వచ్చింది. మాణిక్యానికి మాత్రం ఉయ్యాల మార్చడానికి మరో నెల పట్టింది. ఆడవాళ్ళను తొందరపెట్టి లాభం లేదు.

కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలం, గవరయ్య గురువుగారు పోయారు. తాటాకు చాప పేరయ్యకు ఇమ్మని ఆయనే చెప్పి పోయారట. శిష్యుడైనా కానివాడికి ఎందుకని కొందరు సణిగారు. తత్వాలు పాడే శిష్యుడికి ఏకతార వచ్చింది. గట్టు కాలువల డిపార్టుమెంటు వాళ్ళది, పాకను వాళ్ళే పీకేశారు. జోలె విప్పితే అడుగున చిన్న సీసా, అందులో తళతళలాడుతూ పాదరసం. చూసినవాళ్ళందరూ చేతులు జోడించారు. గురువుగారికి పాదరసంతో బంగారం చేసే విద్య తెలుసునన్నమాట! పెద్దశిష్యుడు పాపయ్య దాన్ని పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, దేవుడి గూట్లో పెట్టి, జీవితాంతం పూజ చేశాడు.

ఆ రోజు బుల్లియ్య అక్కడే ఉన్నాడు. ఆ సీసా ఎవరిదో అతను చెప్పలేదు.

గురువుగారి వస్తువుల్లో బుల్లియ్యకు ఏమీ రాలేదు. ఇంటికి వచ్చి వసారాలో మిషను ముందు కూర్చున్నాడు. ఒకసారి తలెత్తి చెట్టు వైపు చూసి, సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.