టింగణ్ణ కడుపులో పులి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండముచ్చులకీ దుప్పులకీ ఒక ఒప్పందం ఉండేది. దుప్పులు కింద మేస్తుంటే, కొండముచ్చు ఒకటి మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని కాపలా కాయాలి. పులి కనబడితే కేక వెయ్యాలి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చెట్టు దిగకూడదు.

ఆ రోజు మొదటిసారి టింగణ్ణకి కాపలా వంతు వచ్చింది. టింగణ్ణంటే ఎవరనుకున్నారు? తోక బారెడు, బుద్ధి బెత్తెడు ఉన్న కుర్ర కొండముచ్చు.

పొద్దున్నే వాళ్ళవ్వ రాగి సంకటి ముద్ద, ఉడకబెట్టిన అలసందలు ముందు పెట్టింది. "తినిపోరా నాయనా, మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు" అంది.

"ఛీ, నల్లగా ఉంది. నాకు మోదుగుపూల తేనె చాలవ్వా" అన్నాడు టింగణ్ణ. నాలుగు పూలు జుర్రుకుని, మూతి తుడుచుకుని చెట్టెక్కేశాడు. పెద్దల మాట చద్దిమూట అంటారు. వీడికి మాటా వద్దు, మూటా వద్దు.

కాసేపు బాగానే ఉంది. తర్వాత "గుర్ర్ర్" అని చప్పుడైంది. కింద దుప్పులన్నీ "పులిరోయ్" అంటూ పరుగో పరుగు. ఎక్కడి పులి, నా మొహం! అది టింగణ్ణ కడుపు.

"అది నా పొట్టే పెద్దమ్మా" అన్నాడు వాడు సిగ్గుపడుతూ.

దుప్పుల పెద్ద చుక్కమ్మ వెనక్కి వచ్చింది. "పోన్లే నాయనా, పిల్లలు జడుసుకున్నారంతే" అంది.

కాసేపటికి మళ్ళీ "గుర్ర్ర్ర్". ఈసారి దుప్పులు తుమ్మపొదలో పడ్డాయి. ఒంటినిండా ముళ్ళే.

"ఏమయ్యా, నీ పొట్టకి మూత లేదా?" అని చుక్కమ్మ కసిరింది.

టింగణ్ణ పొట్టని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. దిగి తిందామంటే దిగకూడదాయె.

మూడోసారి "గుర్ర్ర్ర్ర్". ఒక్క దుప్పీ తలెత్తలేదు. "వాడి పొట్టేలే, మెయ్యండి" అంది చుక్కమ్మ. టింగణ్ణ కూడా పొట్ట నిమురుకుంటూ, "ఉండవే తల్లీ, ఇంకొంచెం ఓర్చుకో" అన్నాడు.

ఓర్చుకోలేదు. పైగా ఆ చప్పుడు పొదల్లోంచి వస్తోంది. నా పొట్ట పొదల్లోకి ఎప్పుడెళ్ళిందబ్బా అని వాడు తొంగి చూశాడు. చారలు కనబడ్డాయి. మీసాలు కనబడ్డాయి. ఆ మీసాల ముందే చుక్కమ్మ బుల్లి కూన గడ్డి కొరుకుతోంది.

కేక వేద్దామంటే ఓపికుంటే కదా! దోమ మూలిగినట్టు "కీచ్" మన్నాడు. కళ్ళు తిరిగాయి, పట్టు జారింది, దబ్బున కింద పడ్డాడు. ఎక్కడ? సరిగ్గా పులి వీపు మీద.

పులి హడలిపోయి ఒక్క గాండ్రింపు గాండ్రించి, వీపు మీద వాడితో సహా పక్కనున్న ఏట్లోకి దూకింది. ఆ సందులో దుప్పులు కూనతో సహా పారిపోయి ప్రాణాలు దక్కించుకున్నాయి. టింగణ్ణ మాత్రం నిలువునా తడిసి, సాయంత్రానికి కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడూ వంతు టింగణ్ణదే. పొద్దున దుప్పుల మందంతా వచ్చి వాళ్ళ చెట్టు కింద నిలబడింది. ఒక్కటీ గడ్డి ముట్టలేదు.

"మెయ్యరేం పెద్దమ్మా?" అన్నాడు టింగణ్ణ.

"ముందు నువ్వు తిను నాయనా" అంది చుక్కమ్మ, కూనని పక్కకి పొదువుకుంటూ. "నీ కడుపు నిండితేనే మా పిల్లలు బతుకుతారు."

టింగణ్ణకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అవ్వ దగ్గరికి వెళ్ళి, సంకటి ముద్దకి చెయ్యి చాపాడు.

నీతి: నాలుకకి తీపైనదల్లా కడుపుకి ఆనదు. పొద్దున ఆనేట్టు తిన్నవాడే మధ్యాహ్నం దాకా పని మీద నిలుస్తాడు.