పలచటి లక్క

ఒక రాజు దగ్గర లేఖలకు ముద్ర వేసే ఆమె ఉండేది. ఆమె పేరు గవరమ్మ. లక్క కరిగించడం, మొగలి ఆకుతో మెరుగు పెట్టడం, దాని మీద రాజముద్ర ఒత్తడం ఆమె పని. ముప్పై ఏళ్లలో ఆమె వేసిన ముద్ర ఒక్కటీ దారిలో చెదరలేదు. ఏ వేడికి లక్క మెత్తబడుతుందో వేలితో తాకి చెప్పేది.

ఆ రాజుకూ నది అవతలి రాజుకూ తాతల నాటి పగ. ఏటా వేసవిలో ఇటునుంచి ఒక లేఖ వెళ్లేది, అటునుంచి ఒక లేఖ వచ్చేది. ఆ రెండు లేఖల మీదే శాంతి నిలిచి ఉంది. ముద్ర చెదిరితే దారిలో ఎవరో విప్పి చదివినట్టే, మాట తప్పినట్టే.

ఆ ఏడు కొత్తగా వచ్చిన మంత్రికి లక్క ముద్దలు మోటుగా కనిపించాయి. లేఖను దంతపు గొట్టంలో పెట్టమన్నాడు. దాని నున్నటి మూత మీద, కంటికి ఆనీ ఆననంత పలచగా లక్క పూసి ముద్ర వెయ్యమన్నాడు. ఎండకు ఆగుతుందా అని కూడా అడిగాడు. ఆగుతుందని గవరమ్మ చెప్పింది. అదే లక్క, అదే ఎండ, తేడా ఎందుకు వస్తుందనుకుంది. లక్కను సారాలో కరిగించి, ఈకతో పూసి, ఆరబెట్టి ముద్ర వేసింది. ఆమె చేతినుంచి అంత అందమైన ముద్ర ఎప్పుడూ రాలేదు.

లేఖ తీసుకెళ్లింది ఆమె తమ్ముడు బంగారయ్య. పది రోజులకు కబురు వచ్చింది. ముద్ర అలుక్కుపోయి ఉందట. బంగారయ్యను చెరలో వేశారట. పౌర్ణమికి అతని తల తీసి, మర్నాడు సేనలను నది దాటిస్తారట.

ఇంటి చుట్టుపక్కల వాళ్లు వచ్చి ఏడ్చారు. గవరమ్మ వాళ్లతో కూర్చోలేదు. తమ్ముడు లేఖ విప్పేవాడు కాదు, తన లక్కలో కల్తీ లేదు. మరి ముద్ర ఎలా చెదిరింది? మిగిలిన లక్కను మళ్లీ దంతం మీద పలచగా పూసి ఎండలో పెట్టింది. పక్కనే అదే లక్క ముద్దను పెట్టింది. మధ్యాహ్నానికి గోరుతో నొక్కి చూసింది. ముద్ద రాయిలా ఉంది. పలచటి పొర మీద గోటి గీత పడింది.

తప్పు తన చేతిదే. కానీ ఆ తప్పు ఏమిటో తెలిసింది గనక, దాన్ని నలుగురికీ చూపించవచ్చు. ఆ పూటే పొయ్యి ముందు కూర్చుని లక్కను ఒక రాగి రేకు మీదా, రెండు రేకుల మధ్యా కూడా పూసి చూసుకుంది. తెల్లవారగానే లక్క మూట కట్టుకుని నది దాటింది.

అవతలి రాజు సభలో ఆమెను చూసి కొందరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. ఇసుక మూకుడు, కాసిని నిప్పులు, చింతపండుతో తోమిన రెండు రాగి రేకులు, ఒక దంతపు ముక్క అడిగి తెప్పించుకుంది. దంతం మీద లక్క పలచగా పూసింది. ఒక ముద్ద చేసింది. రాగి రేకుల మధ్య అంతే పలచటి పొర వేసి అదిమి పట్టింది. లక్క గట్టిపడ్డాక మూడింటినీ వేడి ఇసుక మీద పెట్టి, అక్కడి మంత్రినే గోరుతో నొక్కి చూడమంది.

మొదట దంతం మీది పొర మెత్తబడింది. చాలాసేపటికి ముద్ద మెత్తబడింది. అప్పుడు రేకులను ఇద్దరు భటులు పటకార్లతో చెరోవైపు లాగారు. అవి వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"మూడింటిలో ఏది మంచి లక్క?" అని రాజు అడిగాడు.

"మూడూ ఒక్క కుండలోదే, ప్రభూ."

"మరి ఒకటి ఎందుకు లొంగింది?"

గవరమ్మ మెత్తబడిన ముద్దలోంచి కొంచెం లక్క గిల్లి సాగదీసింది. అది సన్నటి పోగులుగా వచ్చింది. "లక్క అంటే ఈ పోగులే. ముద్దలో ప్రతి పోగునూ నాలుగువైపులా తోటి పోగులు పట్టుకుని ఉంటాయి. దంతం మీది పొరకు లోపల అంటూ లేదు. కింద దంతం దాన్ని పట్టుకోదు, పైన గాలి తప్ప ఏమీ లేదు. కాస్త వేడికే పై పోగు కదులుతుంది, దాన్ని చూసి పక్కది కదులుతుంది. రాగి అలా కాదు, లక్కను కరుచుకుంటుంది. రెండువైపులా అలా పట్టుకునేది ఉంటే, ముద్ద లొంగిన వేడికి కూడా పలచటి పొర లొంగదు."

"ఇది ముందే తెలియదా నీకు?"

"తెలియదు. ముద్దను చూసి పొర గురించి మాట ఇచ్చాను. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి. నా తమ్ముడు విప్పలేదు, లక్క మోసం చెయ్యలేదు."

రాజు దిగి వచ్చి మూకుడులోని మూడింటినీ తానే తాకి చూశాడు. తర్వాత బంగారయ్యను విడిచిపెట్టమన్నాడు. నది ఒడ్డుకు చేరిన సేనలను వెనక్కి రమ్మన్నాడు. అక్కా తమ్ముడు సభలోనే ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

వాళ్లు సెలవు తీసుకోబోతుంటే రాజు ఆగమన్నాడు. చెర తాళాలు తెప్పించి తానే ముందు నడిచాడు. ఆ చెరలో సరిహద్దు కొండ మీది కావలివాళ్లు పదకొండు మంది ఉన్నారు. మూడేళ్ల కిందట కొండ అవతలి శత్రువులు వచ్చినప్పుడు వాళ్లు ఒంటరి బురుజు వదిలి పారిపోయారు. వాళ్ల అన్నదమ్ములే కోట లోపల ఉండి నెల రోజులు నిలబడ్డారు. ఒకే ఇంటి బిడ్డలు ఇలా ఎందుకయ్యారని రాజు వాళ్లను ఎన్నోసార్లు నిలదీశాడు. పిరికివాళ్లమని వాళ్లే ఒప్పుకునేదాకా నిలదీశాడు.

తలుపు తెరిచాక అందరికంటే పెద్దవాడు లేచి, అలవాటు ప్రకారం తల దించుకున్నాడు. ఎందుకు పారిపోయావని రాజు ఈసారి అడగలేదు. అతని ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నీ పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు.